చూసిన చీర, విన్న చీర

గురువారం పొద్దున కోటేశ్వరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. పెసరట్లు పోసి మొగుణ్ణి ఆఫీసుకు తరిమెయ్యాలి. తల దువ్వుకుని ఇంగ్లీషు క్లాసుకు అందరికన్నా ముందు చేరాలి. అక్కడ తన దగ్గరున్న వార్త ఒకటి విప్పి అందరి నోళ్ళూ తెరిపించాలి, సత్తెమ్మ నోరు మాత్రం మూయించాలి. తర్వాత ఇంటికొచ్చి ఇంత తిని హాయిగా పడుకోవాలి. ఇందులో ఎవరికీ నష్టం లేదు, ఒక్క సత్తెమ్మకి తప్ప. ఆ నష్టం కోసమే పథకం.

దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్బీనగర్ వైపు పోతుంటే కుడిచేతి పక్కన లేచిన కాలనీ అది. కొన్నేళ్ళ కిందటి వరకూ పాండురంగం గారి జొన్నచేను. ఇప్పుడు సగం ఇళ్ళు, సగం ఇసక కుప్పలు. ఇళ్ళు వచ్చాయి, కరెంటు వచ్చింది, బస్సు మాత్రం రాలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, కూరల సంచీ మోసుకుంటూ, దుమ్ములో నడిచి రావలసిందే. కాలనీ ప్రెసిడెంటు జోగారావు ఎన్నాళ్ళో తిరగ్గా తిరగ్గా, బస్సులు వేసే ఆఫీసరు శనివారం స్వయంగా వచ్చి చూస్తానన్నాడు. ఆయన మద్రాసు వైపు మనిషి, తెలుగు రాదు. మగవాళ్ళు మాట్లాడితే సంగతి తగాదాలోకి దిగుతుందని, ఆడవాళ్ళలో ఒకరు ఇంగ్లీషులో విన్నవించుకోవాలని జోగారావు తీర్మానించాడు. ఆ ఒకరెవరో కౌసల్యమ్మ టీచరు తేల్చాలి.

కౌసల్యమ్మ సర్కారు బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరై, పాండురంగం ఇంటి మేడమీద కిరాయికి దిగింది. కాలనీ ఆడవాళ్ళకి రోజూ పదకొండింటికి క్లాసు పెట్టింది. ఆవిడ పద్ధతి వేరు. వ్యాకరణం పుస్తకం పక్కన పడేసింది. రోజుకొకరు లేచి కాలనీ కబురొకటి ఇంగ్లీషులో చెప్పాలి. అయితే ఒక షరతు. కళ్ళతో చూసిందైతే చూశానని చెప్పాలి. చెవితో విన్నదైతే విన్నానని చెప్పి, ఎవరు చెప్పారో పేరు పెట్టాలి. నమ్మకం లేకపోతే, అయ్యుండవచ్చు అని తగ్గించి చెప్పాలి.

"తెలుగులో మనకి 'అట' ఉంది," అనేది కౌసల్యమ్మ కళ్ళజోడు పైకి తోసుకుంటూ. "దాని కింద దూరిపోతాం. ఎవరన్నారు, ఎప్పుడన్నారు, మనం ఎంత నమ్మాం, ఏమీ చెప్పం. నా క్లాసులో ఆ ఆటలు సాగవు."

ఈ షరతు కోటేశ్వరమ్మకి మింగుడు పడలేదు. ఆవిడ జీవితం మొత్తం 'అట' మీద నడిచింది. కాలనీలో మొట్టమొదట ఇల్లు కట్టుకున్నది తను. ఎవరింట్లో పాలు పొంగినా, ఎవరింట్లో గొంతులు పెరిగినా, ముందు తెలిసేది తనకి. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఆవిడ వరండాలో చాపలు నిండిపోయేవి. క్లాసు పెట్టాక ఆ చాపల మీద కాకులు వాలుతున్నాయి. సరే, తనూ క్లాసులో చేరింది. చేరితే అక్కడ సత్తెమ్మ.

సత్తెమ్మ పాండురంగం భార్య. ఆవిడకి ఇంగ్లీషు వచ్చునని కాదు, భయం రాదు. పైగా కబుర్లు ఆవిడ దగ్గరికి నడిచి వస్తాయి. ప్లాటు కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు అంతా ఆ ఇంటికే కదా రావాలి. ఎవరు ఎక్కడ ఇల్లు కడుతున్నారో ఆవిడ కళ్ళారా చూసి, దర్జాగా "ఐ సా" అంటుంది. క్లాసు చప్పట్లు కొడుతుంది. చప్పట్లు పడ్డప్పుడల్లా కోటేశ్వరమ్మకి కడుపు మండేది. ఆ పైన సత్తెమ్మ చీరలు ఒకటి! పాండురంగం చీర ఎంచితే దిల్‌సుఖ్‌నగర్ బజారంతా ఒప్పుకోవలసిందే. ఇంగ్లీషూ ఆవిడకే, చీరలూ ఆవిడకే, శనివారం ఆఫీసరు ముందు నిలబడే గౌరవమూ ఆవిడకే అంటే మనిషన్నవాళ్ళు ఎలా ఓర్చుకుంటారు? కోటేశ్వరమ్మ ఓర్చుకోలేదు. శనివారం మాట్లాడేది తనే కావాలని పంతం పట్టింది.

అలాంటి సమయంలో బుధవారం సాయంత్రం ఆవిడ పంట పండింది. దిల్‌సుఖ్‌నగర్‌లో వంకాయలు కొని వస్తూ బట్టల కొట్లోకి తొంగిచూస్తే, పాండురంగం గద్దె మీద కూర్చుని నెమలికంఠం రంగు గద్వాల చీర ఎత్తి పట్టుకుని చూస్తున్నాడు. ఈ అంచూ ఆ అంచూ ఇంత వెడల్పు జరీ. కోటేశ్వరమ్మ అక్కడే కరిగి నీరైపోయింది. ఇంటికొచ్చి మొగుడి మీద విరుచుకుపడింది.

"పాండురంగం గారు మళ్ళీ చీర కొంటున్నాడండీ! మొగుడంటే ఆయన. మీరూ ఉన్నారు, ఎందుకూ?"

రామమోహనరావు మంచినీళ్ళు తాగుతూ ఉన్నాడు. ఆయనకు పొలమారింది.

"నువ్వెందుకెళ్ళావు ఆ కొట్టు వైపు?" అన్నాడు దగ్గు మధ్యలో.

"వంకాయలకి. అది కూడా తప్పేనా?"

ఆయన ఇంకేమీ అనలేదు. ఆయన సాధారణంగా ఏమీ అనడు కాబట్టి ఆవిడ పట్టించుకోలేదు.

అసలు వార్త తెల్లవారి పాల బూతు దగ్గర పుట్టింది. సత్తెమ్మ పాల సీసాలు సంచీలో పెట్టుకుంటూ తనంతట తనే అంది: "దసరా సంది మా ఆయన నాకు ఒక్క చీర తెచ్చిండంటే ఒట్టు అక్కా! ప్లాట్లు, ప్లాట్లు. మనిషి ఉన్నదనే సోయి లేదు."

కోటేశ్వరమ్మ లెక్క కట్టింది. నిన్న కొన్న చీర పెళ్ళానికి చేరలేదు! మరి ఎవరికి చేరింది? అంతవరకు మండుతున్న కడుపు ఒక్కసారిగా చల్లబడింది. ఆ చల్లదనంలోనే పొద్దుటి పథకం తయారైంది.

క్లాసులో ఆవిడ వంతు వచ్చింది. లేచి నిలబడింది. ఎదురుగా మొదటి వరసలో సత్తెమ్మ, బోరింగు మోటారు తాళంచెవి కొంగుకు కట్టుకుని కూర్చుని ఉంది. ఆ బోరింగు నీళ్ళే గొట్టం ద్వారా కోటేశ్వరమ్మ ఇంటికి వస్తాయి. "మీ ఆయన చీర కొనగా నేను చూశాను" అంటే రేపటి నుంచి స్నానం ఎక్కడ చెయ్యాలి? కోటేశ్వరమ్మ చూసిన దాన్ని విన్నదిగా మార్చేసింది.

"ఐ హెర్డ్," అంది, ఇంగ్లీషులో మెల్లగా పేర్చుకుంటూ. మన కాలనీలో ఒక పెద్దమనిషి పట్టుచీర కొన్నాడని విన్నాను. ఆ సంగతి ఆయన భార్యకి తెలియకపోయి ఉండవచ్చు. ఇదీ ఆవిడ చెప్పినదాని సారాంశం.

అంత మంచి ఇంగ్లీషు ఆవిడ అంతకు ముందెన్నడూ మాట్లాడలేదు.

"శభాష్," అంది కౌసల్యమ్మ. "ఎవరు చెప్పారు?"

కోటేశ్వరమ్మ చూపు గది చుట్టూ తిరిగి వెనక వరసలో గోడకానుకుని కునుకుతున్న అండాలమ్మ మీద వాలింది. అండాలమ్మ నల్లగొండ పల్లె నుంచి వచ్చి కాలనీ మొదట్లో కిరాణం నడుపుతోంది. తెల్లారకముందే లేస్తుంది, క్లాసులో నిద్రపోతుంది.

"అండాలమ్మ చెప్పిందండీ."

పక్కావిడ మోచేత్తో పొడిస్తే అండాలమ్మ లేచింది. అందరూ తననే చూస్తున్నారు. చీర, పెద్దమనిషి, భార్యకి తెలియదు, ఈ మూడు ముక్కలూ చెవిన పడ్డాయి. అంత పెద్ద సంగతి తనకు తెలియదని పదిమందిలో ఒప్పుకోవడానికి ఏ కిరాణం కొట్టు యజమానురాలికైనా ప్రాణం ఒప్పుతుందా?

"అవ్ మరి. నేనే చెప్పిన," అంది ఆవులింత ఆపుకుంటూ.

"నీకెవరు చెప్పారు?" అంది కౌసల్యమ్మ వదలకుండా.

"మీర్‌పేట్ల మా చెల్లె చెప్పింది టీచరమ్మా. ఆడ అందరికీ ఎర్కనే."

లేని కబురుకి ఊరు కూడా దొరికింది. కోటేశ్వరమ్మ నోరు తెరుచుకుని కూర్చుండిపోయింది. తను అబద్ధం ఆడితే దానికి సాక్షి దొరకడం ఆవిడకి కూడా కొత్త.

క్లాసు వదలగానే ఎవరి ఇంటికి వాళ్ళు పరుగెత్తారు. కాలనీలో పెద్దమనిషి అనిపించుకోని మగాడు ఎవడున్నాడు? ఎవరి భార్యకి వాళ్ళాయనే పెద్దమనిషి. బీరువాలు తెరిచారు, అటకల మీది సామాన్లు దింపారు. సాయంత్రం దుమ్ములో నడిచి ఇంటికొచ్చిన మగవాళ్ళ టిఫిను డబ్బాలు కూడా విప్పి చూశారు. ప్రెసిడెంటు జోగారావు ఇంట్లో చీర దొరకలేదు కాని, దేవుడి పటం వెనక సిగరెట్లు దొరికాయి. మానేశానని ఆయన ఆ దేవుడి మీదే ప్రమాణం చేసి ఉన్నాడు. ఆ రాత్రి ఆయనకి అన్నం పెట్టలేదని కాలనీ అంతా చెప్పుకుంది.

కబురు కూడా ఊరుకోలేదు. వీధి మొదట్లో ఉన్న పట్టుచీర వీధి చివరికి వచ్చేసరికి రెండు చీరలూ ఒక గొలుసూ అయింది. వెనక వీధికి చేరేసరికి మీర్‌పేట్‌లో ఒక ఇల్లు లేచింది. ఆ ఇంటికి మొజాయిక్ గచ్చు కూడా వేశారని, తన కొడుకే వేశాడని ఇంకొకావిడ చెప్పింది. ఎవరికి వారే తమకు ముందే తెలుసునన్నారు. "అయ్యుండవచ్చు" అన్న మాట క్లాసు మెట్లు దిగేటప్పుడే ఎక్కడో జారిపోయింది. పాత రోజుల్లోలా కోటేశ్వరమ్మ వరండా నిండింది. ఆవిడ చాపలు దులిపి మరీ పరిచింది.

సత్తెమ్మ మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. మీర్‌పేట్ అన్న మాట చెవిన పడ్డప్పటి నుంచి ఆవిడకి ఒకటే కాక. ఎందుకంటే పాండురంగం కొత్త ప్లాట్ల పని మీద రోజూ మీర్‌పేట్‌కే పోతున్నాడు. ఆయన స్కూటరు ఇంటి ముందు ఆగగానే తాళాలు లాక్కుని డిక్కీ తెరిచింది. అందులో నెమలికంఠం రంగు గద్వాల చీర.

"గిది ఎవల్ది?"

పాండురంగం చెప్పులు విడవబోతున్నవాడు మళ్ళీ తొడుక్కున్నాడు. "నాది కాదే."

"నువ్వు కడ్తవా ఏంది, నీదని చెప్పనీకె! ఎవల్దంటున్న."

"ఒకాయన తెమ్మంటే తెచ్చిన."

"ఒకాయన అంటే ఎవలు? పేరు చెప్పు. పేరు లేని మాట మా టీచరమ్మ ఒప్పుకోదు. నేనూ ఒప్పుకోను."

"మాటిచ్చిన సత్తెమ్మా. శనివారం దాంక చెప్పరాదు."

"మీర్‌పేట్ల ఇల్లు ఎప్పుడు కట్టినవ్?"

"ఇల్లా? ఏం ఇల్లు?"

"గచ్చు గూడ ఏసిన్రంట గదా! నాకు ఎర్క లేదనుకున్నవా? ఉండు, మా అన్నను పిలుస్త. పంచాయతి పెట్టిస్త. నీ ఎన్క పాతికేండ్ల సంది తిరిగినందుకు నాకు ఇదేనా?" అని సత్తెమ్మ మెట్ల మీద కూలబడి భోరుమంది.

ఎకరాలకు ఎకరాలు బేరమాడి అమ్మిన పాండురంగం ఆ ఏడుపు ముందు ఒక్క నిమిషం నిలవలేకపోయాడు.

"ఊకో, ఊకో. నీకే తెచ్చిన," అన్నాడు. "శనివారం ఆఫీసర్ సాబ్ ముందల కట్టుకుంటవని దాచిన. అంతట్లకే ఇంత పరేషాన్ జేస్తివి."

సత్తెమ్మ ఏడుపు ఆపి, చీర మడత విప్పి, అంచు చెంపకు ఆనించుకుంది. పాండురంగం నుదుటి చెమట తుడుచుకున్నాడు. తుడుచుకున్నకొద్దీ పట్టింది.

శుక్రవారం క్లాసులో సత్తెమ్మ లేచింది. మూడే ముక్కలు చెప్పింది. చీర చూశాను. చీర నా దగ్గరుంది. మా ఆయన నా కోసమే కొన్నాడు. ఆపైన తెలుగులో, "మీర్‌పేట్ల ఇల్లు లేదు, ఏం లేదు. అండాలమ్మా, నీ చెల్లెకు చెప్పు," అంది.

అండాలమ్మ లేచి, "మా చెల్లెకు గూడ అనుమానమే ఉండె అక్కా," అని కూర్చుంది. ఆవిడకి అసలు చెల్లెలే లేదని తర్వాత తెలిసింది.

కౌసల్యమ్మ తీర్పు చెప్పింది. "కోటేశ్వరమ్మగారు విన్నారు. సత్తెమ్మగారు చూశారు. విన్నదానికన్నా చూసింది గట్టి. రేపు ఆఫీసరు గారితో సత్తెమ్మగారే మాట్లాడతారు."

"నేను కూడా చూశానండీ!" అని కోటేశ్వరమ్మ గొంతు దాకా వచ్చింది. చూసినదానివి నిన్న విన్నానని ఎందుకన్నావంటే ఏం చెప్పాలి? బోరింగు తాళంచెవి సత్తెమ్మ కొంగున ఊగుతోంది. గొంతు దాకా వచ్చింది మళ్ళీ కడుపులోకి దిగింది. అక్కడ అప్పటికే చాలా మండుతోంది.

శనివారం ఇసక కుప్పల మధ్య షామియానా వేశారు. సత్తెమ్మ నెమలికంఠం చీర కట్టుకుని వచ్చేసరికి కుర్చీలో ఉన్న ఆఫీసరు అసంకల్పితంగా లేచి నిలబడ్డాడు. ఆవిడ ఆయన కళ్ళలోకి చూస్తూ మొదలుపెట్టింది.

"సార్! ఐ డోంట్ హియర్. ఐ సా. ఓల్డ్ మదర్ ఫాలింగ్, ఐ సా. ప్రెగ్నెంట్ లేడీ వాకింగ్, ఐ సా. దిల్‌సుఖ్‌నగర్ టు హియర్, ఓన్లీ డస్ట్. యు వాక్ వన్ డే, సార్. యు ఆల్సో సీ."

ఆఫీసరు నవ్వలేదు. తన బూట్ల మీది దుమ్ము చూసుకుని, పక్కనున్న గుమాస్తాతో ఏదో అని, వచ్చే నెల నుంచి బస్సు వస్తుందని చెప్పేశాడు. చప్పట్లు చెరువు గట్టు దాకా వినిపించి ఉంటాయి. కోటేశ్వరమ్మ కూడా కొట్టింది, పళ్ళు కొరుకుతూ.

అప్పుడే రామమోహనరావు మల్లెపూల పొట్లం పట్టుకుని వచ్చి, షామియానా అంచున నిలబడి సత్తెమ్మను చూశాడు. చీరను చూశాడు. పాండురంగం కోసం వెతికితే, ఆయన జోగారావు వెనక నక్కి ఉన్నాడు. రామమోహనరావు మెల్లగా ఇసక కుప్ప మీద కూర్చున్నాడు.

కోటేశ్వరమ్మ ఆయన పక్కకొచ్చి, "చూశారా ఆ చీర?" అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఆయన పెళ్ళాం కోసం ఎంచి, దాచి, ఇవాళ్టి కోసమే ఇచ్చాడటండీ. నేనొక్కదాన్నే ఇలా పాత చీరలో... నా మొహానికి ఇంతే రాసిపెట్టి ఉంది."

"ఇంటికి పద, చెప్తాను," అన్నాడాయన.

ఇంటికి వెళ్ళాక తలుపు వేసి చెప్పాడు. "ఆ చీర నీది."

"ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పడమేమిటే! నేనే కొన్నాను. ఇవాళ మన పెళ్ళిరోజు. ఆఫీసరు హడావిడిలో నీకు గుర్తు లేదు. నేను తెచ్చింది నీకెప్పుడూ నచ్చదు కదా, పాండురంగం గారి ఎంపికైతే నచ్చుతుందని ఆయన్ని బతిమాలాను. మన ఇంట్లో నీ కన్ను పడకుండా ఏదీ దాగదు కనక ఆయన దగ్గరే ఉంచమన్నాను. ఇవాళ పొద్దున ఇస్తానన్నాడు, ఎంత వెతికినా దొరకలేదు. ఆఫీసరు ముందు నువ్వు కట్టుకుని మాట్లాడతావని..."

కోటేశ్వరమ్మ ఒక్క అంగలో గుమ్మం దాకా వెళ్ళింది. తన చీర! ఆ ఇంగ్లీషూ చప్పట్లూ పోతే పోయాయి, చీర తనది! తలుపు మీద చెయ్యి వేసి ఆగింది. వెళ్ళి ఏమని అడగాలి? పాండురంగం పెళ్ళానికి అబద్ధం చెప్పాడనా? ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే? ఆ కబురు పుట్టించింది ఎవరంటే? మీర్‌పేట్ లో ఇల్లు, మొజాయిక్ గచ్చు, జోగారావు సిగరెట్లు, అన్నీ వరసగా వచ్చి తన గుమ్మం ముందే నిలబడ్డాయి. ఆవిడ వెనక్కి వచ్చి మంచం మీద కూర్చుని, మల్లెపూల పొట్లం ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది.

పొద్దువాలే వేళ పాండురంగం దొడ్డిదారిన వచ్చాడు.

"సార్, జర ఈ ముచ్చట మా ఇంట్ల తెల్వనియ్యకున్రి. ఎన్నడూ లేంది, ఆమె నాకు ఇయ్యాల తన చేత్తోని పాయసం తినిపిచ్చింది. అసొంటిదే ఇంకో చీర నేనే ఎంచి తెస్త."

ఎన్నడూ ఏమీ అనని రామమోహనరావు అప్పుడు అన్నాడు. మూడు రోజులుగా 'మొగుడంటే ఆయన' అన్న మాట చెవిలో రొద పెడుతోంది కాబోలు, మొహం ఎర్రబడింది.

"అక్కర్లేదండీ. నా భార్యకి చీర నేనే ఎంచుకుంటాను."

కోటేశ్వరమ్మ ఏడుపు ఆపి ఆయన వంక చూసింది. పెళ్ళయ్యాక మొదటిసారి ఆయన ఆవిడ కంటికి కాస్త పొడుగ్గా కనిపించాడు.

సోమవారం ఆవిడ మొగుడు తెచ్చిన కొత్త చీర కట్టుకుని క్లాసుకు వెళ్ళింది. ఆవాల ముద్ద రంగు మీద అరచేతి వెడల్పు ఆకుపచ్చ గళ్ళు, ఆ గళ్ళ మధ్య ఏనుగులో గుమ్మడికాయలో తెలియని నారింజ బొమ్మలు. తన వంతు రాకముందే లేచి నిలబడి, సత్తెమ్మ వంక చూస్తూ, "మై హస్బెండ్ సెలెక్టెడ్," అంది తల ఎత్తి.

ఎవరు చెప్పారని కౌసల్యమ్మ కూడా అడగలేదు. చీర చూడగానే అందరూ నమ్మేశారు.